సరిహద్దు గేటు దగ్గర కుళ్లిన టమాటా



కాకినాడ రేవులో ఓడకెక్కే బియ్యంలో కొంత బెనిన్ దేశంలోని కొటోనూ రేవుకు పోతుందని మీలో చాలామందికి తెలుసు. బెనిన్ జనాభా కోటి పైచిలుకు. అంత బియ్యం వాళ్లు తినలేరు. పక్కనే ఇరవై కోట్ల మంది ఉన్న నైజీరియా ఉంది. అక్కడి జనం ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యమే. కాబట్టి కొటోనూలో దిగిన బస్తాలు లారీల్లో, పడవల్లో, మోటారు సైకిళ్ల మీద చాటుగా సరిహద్దు దాటతాయి.

నైజీరియా దిగుమతి బియ్యం మీద 70 శాతం సుంకం వేసింది. 2016లో భూమార్గాన బియ్యం రాకుండా నిషేధం పెట్టింది. దాంతో దొంగ రవాణాలో లాభం ఇంకా పెరిగింది. బెనిన్ ఖజానాకూ ఈ వ్యాపారంలో ఆదాయం ఉంది, అందుకే చూసీ చూడనట్టు ఊరుకుంది.

2019 ఆగస్టులో నైజీరియా అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ సరిహద్దులు మూయించారు. అంతకు నెల ముందే, జులైలో, ఆఫ్రికా అంతా ఒకే స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం కావాలనే ఒప్పందం మీద ఆయనే సంతకం పెట్టారు! 1975లో పుట్టిన పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ నిబంధనలూ పక్కకు పోయాయి. మా వరి రైతును కాపాడుకుంటున్నామన్నారు.

ఆ మాట వట్టి అబద్ధమని నేననను. కెబ్బీ రాష్ట్రంలో వరి వేసే రైతుకు మన బియ్యమే పోటీ. కొటోనూ కొంటే మన ధాన్యానికి ధర నిలబడుతుంది, అక్కడ అతని ధర పడుతుంది. ఇది మనకు ఇబ్బందికరమైన నిజం. వంటనూనెల మీద దిగుమతి సుంకం తగ్గించినప్పుడు మన ఆయిల్‌పామ్ రైతు గెల పట్టుకుని ఏడ్చాడు కదా, అదే బాధ.

కానీ గేటు మూస్తే ఆగింది బియ్యం ఒక్కటే కాదు. లాగోస్ సంతకు పోవాల్సిన బెనిన్ టమాటా కుళ్లిపోయింది. ఆ రైతు ఏం దొంగ రవాణా చేశాడు? సెమె గేటు దగ్గర ఘానా వ్యాపారుల లారీలూ ఇరుక్కున్నాయి. అటు ఘానాలో స్థానిక వ్యాపారులు నైజీరియన్ల దుకాణాలకు తాళాలు వేశారు. నైజీరియాలో తిండి ధరలు పెరిగాయి. బియ్యం మాత్రం దారి మార్చుకుని వస్తూనే ఉంది. 2020 డిసెంబరులో సెమెతో పాటు మరి మూడు గేట్లు తెరిచారు, బియ్యం మీద నిషేధం అలాగే ఉంచారు.

ఇక మన ఢిల్లీ సంగతి. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. అక్కడ రైతు పేరు చెప్పారు, ఇక్కడ వినియోగదారుడి పేరు చెప్పారు. రెండు చోట్లా రాత్రికి రాత్రి ఉత్తర్వు, రైతును అడిగింది లేదు.

అందుకే మన తీర్మానంలో ఒక వాక్యం చేర్చమని కోరుతున్నాను: ఎగుమతి, దిగుమతి నిబంధన ఏది మార్చినా నారుమడి పోయకముందే చెప్పాలి.