పేరిత ఎక్కడ ఉంటుంది?



పాలకొల్లులో పొన్నగంటి కూర కావాలంటే ఎక్కడికి వెళ్తారు? కాలవ గట్టుకు వెళ్తారు. అక్కడ తడి ఉంటుంది. ఎండిన మెరక మీద ఎవరూ వెతకరు. ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో ఆడవాళ్ళకు చూసి చూసి తెలుసు. శాస్త్రజ్ఞులు అరుదైన మొక్కల్ని వెతికేదీ ఇలాగే.

పేరిత అనే మొక్క ఉంది. తిరుపతి, కడప వైపు కొండల్లోనే అది సహజంగా పెరుగుతుంది. తిరుమల మెట్లెక్కిన వాళ్ళు ఆ శేషాచలం కొండల్ని చూసే ఉంటారు. మండే ఎండ, రాతి నేల, మధ్య మధ్య గడ్డి. ఆ గడ్డిలో ఉంటుంది పేరిత. పొట్టి మొద్దు, పైన ఈతాకుల్లాంటి ఆకులు. 1883లో దీనికి సైకస్ బెడ్డోమీ అని శాస్త్రీయమైన పేరు పెట్టారు. బెడ్డోం అంటే మద్రాసు అటవీశాఖలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి. కడియం నర్సరీల్లో కుండీల్లో అమ్మే సైకస్ దీనికి చుట్టమే గానీ, ఇది కాదు.

తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే పేరితలోనూ మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. మగమొక్కకు పొత్తిలాంటిది వస్తుంది. మందుకని దాన్ని కోసుకుపోతారు. పొత్తి పోతే పుప్పొడి లేదు. పుప్పొడి అందకపోతే ఆడమొక్కకు మొలిచే గింజ రాదు. మొక్క తరిగిపోక ఏమవుతుంది?

మిగిలినవి ఎక్కడున్నాయి? కొండలన్నీ గాలించాలంటే ఏళ్ళు పడుతుంది. ఇలాంటి మొక్కలకు శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం చేస్తారు. ముందు మొక్క దొరికిన చోట్లు రాసుకుంటారు. అక్కడ వాన ఎంత, ఎండ ఎంత, కొండ ఎత్తెంత, నేల ఎలాంటిది, ఇవన్నీ కంప్యూటరుకు ఇస్తారు. అలాంటి చోట్లు ఇంకెక్కడున్నాయో అది పటం మీద రంగు వేసి చూపిస్తుంది. పేరితకు అలా పటం గీస్తే పాలకొల్లు మీద రంగు పడదు. ఇది పల్లపు నేల, నీళ్ళు నిలిచే నేల.

రంగు పడిందని మొక్క ఉన్నట్టు కాదు. గట్టు తడిగానే ఉంటుంది, కూర మాత్రం నిన్ననే ఎవరో కోసుకుపోయి ఉంటారు. గట్టుకేం తెలుసు? పటమూ అంతే. పొత్తి కోసిన సంగతి దానికి తెలియదు. కొండ కింద పశువులు మేపే ఆడవాళ్ళకు తెలుస్తుంది. అందుకే పటం పట్టుకుని కొండెక్కాలి, వాళ్ళనీ అడగాలి. మొక్క కనబడితే రాసుకుంటారు. కనబడకపోతే "లేదు" అని రాసుకుంటారు. ఆ "లేదు" కూడా కంప్యూటరుకు ఇస్తే తరవాతి పటం ఇంకాస్త సరిగా వస్తుంది.

కనబడిన చోటు మాత్రం ఊరంతా చాటకూడదు. పొత్తులు కోసేవాళ్ళకూ చదువొచ్చు.