చేతినుండి చేతికి బ్రదుకు మొక్క

(గోల్‌బజార్‌లో తెలుగు కుటుంబముల యెదుట చేసిన ప్రసంగము)



సాంస్కృతిక సమాజపు వేదికపై కవిత్వమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు ఒక పూలమొక్కను గూర్చి మాటాడుటకు నాకు అనుమతి లభించినది. సాహిత్యము చదువుకొన్నవానికి తోటపనితో ప్రసక్తి యేమని కొందరికి తోపవచ్చును. మనుష్యుని చేయి ఆదుకొననిచో ఈ మొక్క యొక్క వంశమే నిలువదు. అందువలననే దీనిని ఎన్నుకొంటిని.

దాని పేరు బ్రుగ్మాన్సియా. ఇది మన ఉమ్మెత్తకు దగ్గరి చుట్టము. ఉమ్మెత్తపువ్వు ఆకాశమువంక చూచును. దీని పువ్వు నేలవంక వ్రేలాడును. ఉమ్మెత్తకాయకు ముండ్లుండును, దీని కాయ నున్నగా నుండును. ఉమ్మెత్త అల్పకాలపు పొద. ఇది కొయ్యబారి చిన్న చెట్టగును. జానెడు పొడవుగల బాకావంటి పువ్వులు సాయంకాలము పరిమళించును. 1753లో లిన్నేయస్ పండితుడు దీనిని ఉమ్మెత్తజాతిలోనే చేర్చెను. 1805లో పెర్సూన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వేరుజాతిగా విడదీసి, బ్రుగ్మాన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుని పేరు దీనికి పెట్టెను.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అచటి ఏడు జాతులును అడవిలో అంతరించినవిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి పట్టికలో నమోదైనవి. వీని విత్తనములను వెదజల్లిన జంతువులు ఏనాడో నశించి యుండునని శాస్త్రజ్ఞుల ఊహ. కావున నేడు ఈ మొక్క ముఖ్యముగా మనుష్యుల పెరళ్లలోను, తోటలలోను బ్రదుకుచున్నది.

ఇందులో ఆకుపై తెలుపు, మీగడరంగు మచ్చలుగల రకములు మరింత పరాధీనములు. లేత నారింజవన్నె పూలు పూయు ‘స్నోబ్యాంక్’ ఇట్టిదే. ఈ రంగులకు కారణ మేమి? కొన మొగ్గలోని కణములు పొరలుగా నుండును. వానిలో ఒక పొరకు పచ్చదనమును తయారుచేయు శక్తి లోపించినప్పుడు, రెండు స్వభావముల కణములు ఒకే మొక్కలో కాపురము చేయును. విత్తనమునకు ఈ జంట స్వభావము సాధారణముగా సంక్రమించదు. మన వరండాలలోని పసుపు అంచుల పాముమొక్కను చూడుడు. దాని ఆకుముక్కను నాటినచో వచ్చు పిలకకు పసుపు అంచు ఉండదు. దుబ్బును చీల్చి నాటిననే అంచు నిలుచును. బ్రుగ్మాన్సియా విషయమున కొమ్మను నాటుటయే తగిన మార్గము.

కొమ్మ నెన్నుకొనుటలోనే సగము విద్య యున్నది. పూర్తిగా తెల్లనైన కొమ్మ తన ఆహారమును తాను వండుకొనలేదు. వేరుచేసి నాటినచో చచ్చును. పూర్తిగా పచ్చనైనది చక్కగా బ్రదుకును, కాని పచ్చగానే యుండును. రెండు రంగులును సమముగా కలసిన కొమ్మను తీసికొనవలెను. కాండము కొంత ఎత్తు పెరిగి రెండుగా చీలును. పూలు ఆ చీలికకు పైననే పూయును. పైభాగపు కొమ్మ నాటినచో మొక్క పొట్టిగా నుండి త్వరగా పూయును. క్రిందిభాగపు కొమ్మ బాగుగా ఎదిగి, ఆలస్యముగా పూయును.

పెన్సిలు లావున, జానెడు పొడవున కొమ్మను కోసి, పెద్ద ఆకులను సగమునకు కత్తిరించి, రెండు కణుపులు లోపల నుండునట్లు ఇసుకయు కొబ్బరిపీచు పొడియు కలిపిన కుండీలో నాటవలెను. వానలు తగ్గుముఖము పట్టిన దినములు దీనికి అనుకూలము. తడి యుండవలెను గాని నీరు నిలువరాదు. సుమారు నెలదినములలో వేళ్లు వచ్చును. రంగు ఆకుల కొమ్మకు మరికొంత ఓపిక కావలెను. కత్తిని ముందుగా సబ్బుతో కడుగుడు. వైరస్ తెగులువలన గూడ ఆకులపై పసుపు మచ్చలు వచ్చును. ఆకు ముడుతలుపడి వికారముగా నున్నచో అది అందము కాదు, రోగము. అట్టి మొక్కనుండి కొమ్మ తీయరాదు.

ఈ యూరి ఎఱ్ఱని గరపనేలలో ఆకలిగొన్న ఈ మొక్కకు తిండి చాలదు. పెద్ద కుండీలో మాగిన పశువుల ఎరువు వేసి, ఇచటి బెంగాలీ తోటమాలులవలె నూనె తీసిన ఆవాల పిండిని నానబెట్టి, పలుచన చేసిన నీరు పోయవలెను. ఉదయపుటెండ చాలును; వైశాఖమాసపు మధ్యాహ్నపుటెండకు తెల్లని భాగములు మాడిపోవును. వేడి రాత్రులలో పూయకున్నచో నిరాశ వలదు. చల్లబడిన పిమ్మట పూయును. ఆకుల అడుగున ఎఱ్ఱనల్లి, తెల్లదోమ పట్టకుండ నీటితో కడుగుచుండవలెను.

ఒక నియమము మరువరాదు. పచ్చని కొమ్మ వచ్చినచో వెంటనే మొదలంట కోయుడు. అది బలముగా పెరిగి తక్కినదానిని కప్పివేయును. రెండేండ్లు ఉపేక్షించినచో మిగులునది ఉత్త పచ్చని మొక్కయే.

ఇక మాతృమూర్తులు ముఖ్యముగా వినవలసిన మాట. దీని ఆకు, పువ్వు, గింజ, వేరు అన్నియు విషమే. అట్రోపిన్, స్కోపొలమిన్ అను ద్రవ్యములు ఇందు కలవు. లోపలికి పోయినచో నోరెండును, కనుపాపలు విచ్చుకొనును, గుండె వేగముగా కొట్టుకొనును, మతి చెదరును. ప్రాణాపాయము గూడ కలుగవచ్చును. కొమ్మ కోసిన చేతితో కన్ను నులుముకొన్నను చూపు మసకబారును. ఉమ్మెత్తను శివునకు సమర్పింతుము గదా యని దీనిని చనువుగా చూడరాదు. ప్రాకులాడు పసివాడున్న యింట దీనిని పెంచకుండుటయే మేలు. పెంచువారు పిల్లలకును మేకలకును అందనిచోట నుంచి, కోయునపుడు చేతితొడుగులు ధరించి, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఎవరైన తిన్నచో ఇంటి వైద్యము చేయక, ఆకునొకదానిని వెంట తీసికొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

మనము బదిలీల ఉద్యోగులము. చెట్టును వెంట తీసికొనిపోలేము. జానెడు కొమ్మను తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోవచ్చును. బదిలీపై పోవువారు ఒక కొమ్మను వెంటనుంచుకొని, మరియొకదానిని పొరుగింట నిచ్చి పోవలయునని నా మనవి. ఇచ్చునపుడు అది విషమను మాటను గూడ తప్పక చెప్పుడు. ఆ మాట లేకుండ కొమ్మ చేతులు మారరాదు.