కొండ కరగి కడలి చేరుట



స్థిరమైన దానిని కొండతో పోల్చుట మనకు వాడుక. కాని శ్రీకాకుళ విజయనగర సీమలలోని కొండలు స్థిరములు కావు. ప్రతి వానకును కొంచెము కొంచెముగా కరగి, వంశధార నాగావళుల వెంట బంగాళాఖాతమునకు పయనించుచున్నవి. ఆ పయనమును గూర్చియే నేడు మేము ముచ్చటింపదలచితిమి.

మన తూర్పుకనుమలలో విస్తారముగా కానవచ్చు శిలకు ఖోండలైటు అని పేరు. ఆ కొండలలో నివసించు ఖోండుల పేర, వాకర్ అను భూశాస్త్రజ్ఞుడు 1902లో దీనికి ఆ పేరిడెను. ఇది మొదట నీటి అడుగున పేరుకొన్న ఒండ్రు, ఇసుక. సుమారు 100 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమున మిక్కిలి లోతున, తీవ్రమైన వేడిమికిని ఒత్తిడికిని లోనై, ఈ రూపు దాల్చినది. దీని సరసనే చార్నొకైటు అను నల్లని కఠినశిల కలదు. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ సమాధిపలక ఇట్టి రాయియే యగుటచే, హాలండ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఆతని పేరు పెట్టెను.

ఇంత గట్టి రాయి ఎట్లు కరగును? వాననీరు గాలినుండియు, కుళ్లిన ఆకులనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కొద్దిగా ఆమ్లగుణము పొందును. ఆ నీరు బీటలలో దిగి, రాతిలోని ఫెల్డ్‌స్పారును సుద్దగా మార్చును. ఇనుము తుప్పు పట్టును. మన మెట్టపొలముల ఎఱ్ఱదనము ఆ తుప్పు రంగే. చీపురుపల్లి ప్రాంతమున గర్భాం, కోడూరు గనులలోని మాంగనీసు ఖనిజము పోగుపడుటలోను ఇట్టి నీటికి పాత్ర కలదు. విజయనగర ప్రాంతమున ఆ త్రవ్వకము 1892లోనే ఆరంభమైనది.

మెత్తబడిన ఈ పై పొర మన బావులకు ఆధారము. అది నీటిని పీల్చి నిలుపుకొనును. దాని క్రింది గట్టిరాతిలో నీరు పగుళ్లయందు మాత్రమే దొరకును.

కొండనుండి దిగిన మన్నును నదులు మోసికొని పోవును. వేగము తగ్గినకొలది ముందు గులకరాళ్లను, తరువాత ఇసుకను, చివరకు ఒండ్రును విడిచివేయును. నాగావళి శ్రీకాకుళము దాటి కల్లేపల్లి వద్దను, వంశధార కళింగపట్నము వద్దను సముద్రమున కలియును. అచట అలలు ఇసుకను చెరిగి, తేలికయగు రేణువులను వెనుకకు లాగి, బరువైనవానిని ఒడ్డున విడుచును. తీరమున కానవచ్చు ఎఱ్ఱని చారలు గార్నెట్టు. నల్లని చారలు ఎక్కువగా ఇల్మనైటు. ఒకనాడు కొండలోనున్న రేణువులే అవి.

ఇక మనకు సంబంధించిన మాట. అంగుళము మందము మన్ను ఏర్పడుటకు వందల సంవత్సరములు పట్టును. చెట్టులేని వాలుమీద ఆ మన్ను కొలది వానలలోనే కొట్టుకొనిపోవును. పోయిన మన్ను దిగువ చెరువును పూడ్చును. ఎగువ పొలము రాళ్లు తేలును. నదిలో ఇసుకను మితిమీరి తీసినచో ఏటిమట్టము దిగి, ఒడ్డుబావులలో నీరు తగ్గును, గట్లు విరుగును, సముద్రతీరమునకు చేరవలసిన ఇసుకయు చేరదు. కనుక వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు వేయుట, చెరువు పూడిక తీసి తిరిగి పొలమునకు తోలుట, వరద తెచ్చినంతకు మించి ఇసుక తీయకుండుట — ఇవి కొండ పయనమును ఆపలేకున్నను, దాని వేగమును తగ్గించును.

ఈ వానకాలమున, వీధిలో ఎఱ్ఱగా పారు నీటిని ఒక గాజుసీసాలో పట్టి, కదిలించి, ఒక రాత్రి నిలిపి, మీ పిల్లలకు చూపుడు. అడుగున ఇసుక, దానిపై ఒండ్రు, పైన ఇంకను తేరని బురదనీరు కానవచ్చును. వంశధార చేయు పని యంతయు ఆ సీసాలో కలదు.