నడక మీద నాలుగు మాటలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఉర్దూ మాధ్యమంలోనే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లము. మా తెలుగులో దోషాలుంటే పెద్ద మనసుతో మన్నించగలరు. ఈ సభలో తెలుగు బడుల్లో చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు గనుక తెలుగులోనే మాట్లాడుతున్నాము. విషయము మాత్రం ఇంగ్లీషుకు సంబంధించినది. ఇంగ్లీషు మౌఖిక పరీక్షలో నడక గురించి అడిగే ప్రశ్నలకు మన పిల్లలు ఎట్లా జవాబు చెప్పాలి అన్నదే మా విషయము.

"నడక మీద కూడా ఉపన్యాసమా, మాస్టర్ సాబ్?" అని ఒక మిత్రుడు నవ్వినాడు. నవ్వవలసిందే. కానీ ఈ చిన్న ప్రశ్న దగ్గరే మన పిల్లవాడొకడు బోల్తా పడినాడు. ఆ తప్పులో మా వంతు కూడా ఉన్నది. అది ఒప్పుకోవడానికే ఈ పూట నిలబడినాము.

ముందుగా పరీక్ష సంగతి. పై చదువులకు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లదలచిన పిల్లలు తమకు ఇంగ్లీషు వచ్చునని రుజువు చూపించాలి. దానికి ఎక్కువమంది రాసే పరీక్ష ఐఈఎల్‌టీఎస్. ఇది 1989లో మొదలైనది. మైనారిటీ విద్యార్థులను విదేశాలలో చదివించడానికి 2015లో తెలంగాణ ప్రభుత్వము మొదలుపెట్టిన ఉపకార వేతన పథకానికి కూడా ఇటువంటి పరీక్షలో మార్కు చూపించాలి. వినడము, చదవడము, రాయడము, మాట్లాడడము అని పరీక్షలో నాలుగు భాగాలు. మన పిల్లలు మొదటి మూడింటిని ఎట్లాగో దాటుతారు. మాట్లాడడము దగ్గర కాళ్లు వణుకుతాయి.

ఆ మౌఖిక పరీక్ష మొత్తము 11 నుండి 14 నిమిషాలు. ఇందులో మూడు భాగాలు. మొదట నాలుగైదు నిమిషాలు మన ఊరు, ఇల్లు, అలవాట్ల గురించి అడుగుతారు. రెండవ భాగములో ఒక కార్డు చేతికిచ్చి, ఒక్క నిమిషము ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. మూడవ భాగములో అదే విషయము మీద కొంచెము లోతుగా చర్చ ఉంటుంది. నడక అనేది మొదటి భాగములో వచ్చే మామూలు ప్రశ్న. మీరు ఎక్కువగా నడుస్తారా? చిన్నప్పుడు నడకకు వెళ్లేవారా? అవకాశముంటే ఎక్కడ దూరము నడవాలని ఉంది? ఈ తరహాలో ఉంటాయి.

ఇంత సులువైన ప్రశ్నకు మన పిల్లవాడు ఎందుకు తప్పినాడు? వినండి.

అతనిది లఖ్నాపూర్ ప్రాజెక్టు వైపు ఒక పల్లె. మా బడికి రోజూ నడిచి వచ్చేవాడు. వానాకాలములో చెప్పులు చేతిలో పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో తరగతిలోకి వచ్చి, వెనుక బెంచీలో కూర్చునేవాడు. పెద్దయి డిగ్రీ పూర్తి చేసి, ఈ పరీక్షకు దరఖాస్తు పెట్టి, మా దగ్గరికి వచ్చినాడు. మేము ఏమి చేసినాము? ఎవరో ఇచ్చిన ప్రశ్న జవాబుల కాగితాలు జిరాక్స్ తీయించి చేతిలో పెట్టినాము. "ఇవి కంఠస్థము చెయ్యి బేటా, చాలు" అన్నాము. ఆ కాగితములో ఏమున్నది? నేను ప్రతి సాయంత్రము మా ఇంటి పక్కన ఉద్యానవనములో సరస్సు చుట్టూ విహరిస్తాను, అది నా మనసుకు ప్రశాంతత ఇస్తుంది, అని ఉన్నది.

పిల్లవాడు అక్షరము పొల్లు పోకుండా ఒప్పజెప్పినాడు. అంతా విని పరీక్షాధికారి ఒక్కటే మాట అడిగినారట, "వై?" అని. ఎందుకు అని. కాగితములో "వై"కి జవాబు లేదు. ఆ సరస్సు అతను చూసినది కాదు, ఆ ప్రశాంతత అతను పడినది కాదు. నోరు పెగలలేదు. ఆ తర్వాత వచ్చిన తెలిసిన ప్రశ్నలకు కూడా తడబడినాడు. 6 కావలసిన చోట 5 వచ్చింది. 15 వేల రూపాయలకు పైగా కట్టిన ఫీజు పోయింది, ఆ ఏడాది ప్రవేశము పోయింది. వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, కోపము లేకుండా, "ఫిర్ పైసే భర్నా క్యా, మాస్టర్ సాబ్?" అని అడిగినాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత మేము ఆ పిల్లవాణ్ణి పిలిచి, "మరి నీవు బడికి నడిచి వచ్చిన దారి గురించి ఎందుకు చెప్పలేదు?" అని అడిగినాము. తల వంచుకుని, "అది గరీబు నడక కద సర్, వాళ్లడిగేది షికారు నడక కద" అన్నాడు.

మిత్రులారా, అసలు రోగము ఇక్కడ ఉన్నది. ఇంగ్లీషు భాషలో లోపము తర్వాత సంగతి. మన బతుకు చెప్పుకోదగ్గది కాదు అన్న సిగ్గు ముందు. మన ఉర్దూలో చహల్ ఖద్మీ అని అందమైన మాట ఉన్నది. చహల్ అంటే నలభై, ఖదమ్ అంటే అడుగు. భోజనము తర్వాత తీరిగ్గా వేసే నలభై అడుగులు. అది ఒక రకము నడక. బడికి, పొలానికి, అంగడికి, మసీదుకు నడిచేది ఇంకొక రకము. ప్రశ్న అడిగేవారు ఈ రెండింటిలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని మార్కులు వేయరు. వారు చూసేవి నాలుగే: ఆగకుండా, పొందికగా మాట్లాడుతున్నాడా? తగిన మాటలు వాడుతున్నాడా? వ్యాకరణము సరిగ్గా ఉన్నదా? ఉచ్చారణ తెలుస్తున్నదా? నాలుగింటికీ సమానమైన విలువ. సరస్సుకు మార్కు లేదు, బురదకు కోత లేదు. పైగా బట్టీ పట్టిన జవాబును పట్టుకోవడానికి పరీక్షాధికారులకు తర్ఫీదు ఉంటుంది.

అందుచేత కాగితాలు మానేసినాము. ఇప్పుడు ఆదివారాలు మా పిల్లలకు ఒకటే పని చెబుతాము. ఇంటి నుండి మా దగ్గరికి నడిచి రండి. దారిలో చూసినవి మూడు, మనసులో అనుకున్నది ఒకటి చెప్పండి. ముందు మీ ఇంటి భాషలో, తర్వాత ఇంగ్లీషులో. మొదటి వారము నవ్వినారు. మూడవ వారానికి ఆపితే ఆగడము లేదు.

ఈ అభ్యాసములో తెలిసిన తప్పులు కొన్ని చెబుతాము. ఇవి తెలుగు పిల్లలకు, ఉర్దూ పిల్లలకు ఉమ్మడి ఆస్తి.

మొదటిది. దక్కనీలో "రోజ్ జారౌఁ" అంటాము, తెలుగులో "రోజూ పోతున్న" అంటాము. అదే పద్ధతిలో ఇంగ్లీషులో "ఐ యామ్ వాకింగ్ డైలీ" అంటాము. అలవాటుకు అది పనికిరాదు. "ఐ వాక్ ఎవ్రీ డే" అనాలి. ఈ క్షణములో నడుస్తుంటేనే "ఐ యామ్ వాకింగ్".

రెండవది. "బై బస్", "బై ట్రెయిన్" విని విని "బై వాక్" అంటాము. అట్లా కాదు, "ఆన్ ఫుట్" అనాలి. ఇంకా తేలిక, "ఐ వాక్ టు స్కూల్".

మూడవది. "వాక్"లో రాసే ఎల్ అక్షరము పలకదు. "వాక్" వేరు, "వర్క్" వేరు. "ఐ వర్క్ టు స్కూల్" అంటే వినేవారికి అర్థము కాదు. మా ఉర్దూ పిల్లలకు ఇంకొకటి అదనము. స్కూల్‌ను "ఇస్కూల్" అని, స్ట్రీట్‌ను "ఇస్ట్రీట్" అని ముందొక "ఇ" తగిలిస్తాము. దాన్ని వదిలించుకోవాలి.

నాలుగవది. పాత అలవాటు చెప్పేటప్పుడు "యూస్డ్ టు". ఇది కష్టమని భయపడతారు. కానీ తెలుగులో "నడిచేవాణ్ణి" ఉన్నది, ఉర్దూలో "పైదల్ జాతా థా" ఉన్నది. మన నోట ఉన్న మాటే అది. "ఐ యూస్డ్ టు వాక్ టు స్కూల్. నౌ ఐ టేక్ ది బస్." చూడండి, నిన్నటి ముక్క ఒకటి, నేటి ముక్క ఒకటి. "బికాజ్" అని కారణము కలిపితే "వై?" అని అడగవలసిన అవసరమే ఉండదు.

ఇక మూడవ భాగములో, ఈ రోజుల్లో జనము నడక ఎందుకు తగ్గించినారు వంటి ప్రశ్న వస్తే మన దగ్గర సరుకు లేదా? ఉన్నది. పరిగికి రైలు లేదు, రైలెక్కాలంటే వికారాబాదు వెళ్లాలి. ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చింది, పల్లెకు ఆటో వచ్చింది. ఇదంతా మన కళ్ల ముందు జరిగినదే. 2009 విద్యా హక్కు చట్టము కింద వచ్చిన నియమాలు ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు నడక దూరములో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నాయి. చట్టమే పిల్లల నడకతో దూరము కొలిచింది! మన బస్సు హైదరాబాదు పోతూ ఆగే చేవెళ్ల చూడండి. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు పాదయాత్ర మొదలుపెట్టినది అక్కడి నుండే. వినోబా భావే గారు 1951లో తెలంగాణలో కాలినడకన తిరుగుతూ పోచంపల్లికి వచ్చినప్పుడే, ఏప్రిల్ 18న, భూదానోద్యమము పుట్టింది. మన నేల మీద నడక అంటే షికారు ఒక్కటే కాదు, చరిత్ర కూడా. ఇవి రెండు ముక్కలు చెప్పగలిగిన పిల్లవానికి అరువు సరస్సు ఎందుకు?

ఆ పిల్లవాడు రెండవసారి పరీక్షకు వెళ్లినాడు. ఈసారి చెరువు గట్టు, బురద, చేతిలో చెప్పులు, అన్నీ చెప్పినాడట. కావలసిన మార్కు వచ్చింది. అల్‌హమ్‌దులిల్లాహ్.

అయితే మేము అసలు చెప్పదలచినది ఇంకా మిగిలి ఉన్నది. తల్లిదండ్రులు కొంచెము ఓపికతో వినవలసిందిగా కోరుతున్నాము.

ఒక ఆదివారము అభ్యాసములో ఒక అమ్మాయి వంతు వచ్చింది. "డు యు వాక్ ఎ లాట్?" అని అడిగినాము. మాట్లాడలేదు. మళ్లీ అడిగినాము. "సర్, నేను ఎక్కడికీ నడవను. అన్న బండి మీద తెచ్చి దింపుతాడు, బండి మీద తీసుకుపోతాడు. ఏం చెప్పాలె?" అన్నది. మా పాత బుద్ధి ఊరుకోలేదు. "ఏదో ఒకటి కల్పించి చెప్పమ్మా" అనబోయి నాలుక కరచుకున్నాము. "ఉన్నది ఉన్నట్లు చెప్పు బేటీ" అన్నాము. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, మెల్లగా, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పింది. వాటి భావము ఇది: "నేను ఎక్కువగా నడవను. చిన్నప్పుడు మా నానమ్మతో రోజూ నడిచేదాన్ని. ఇప్పుడు నన్ను ఒంటరిగా ఎవరూ పంపరు. అవకాశముంటే అనంతగిరి కొండల్లో, మూసీ నది పుట్టే చోట, ఒక ఉదయమంతా నడవాలని ఉంది."

భాష పరముగా చూస్తే అది మేము విన్న జవాబులలో ఎన్నదగినది. నేటి అలవాటు ఉన్నది, నిన్నటి అలవాటు ఉన్నది, కారణము ఉన్నది, కోరిక ఉన్నది. మేము మంచి మార్కు వేసినాము. కానీ తరగతిలో చప్పుడు లేదు. మగపిల్లలు తల దించుకున్నారు. మేము కూడా కిటికీ వైపు చూసినాము. మాకూ ఆడపిల్ల ఉన్నది. ఆమెనూ మేము బండి మీదనే దింపుతాము.

అన్నను తప్పు పట్టడము లేదు, తల్లిదండ్రులనూ తప్పు పట్టడము లేదు. రోడ్డు మీద లారీలు, కూడళ్లలో పోకిరీలు, మన భయము ఉత్త భయము కాదు. కానీ ఆలోచించండి. పెద్దవారు వారానికి కనీసము 150 నిమిషాలు చురుకుగా నడవడము వంటి శ్రమ చేయాలని, బడి వయసు పిల్లలకు రోజుకు గంట కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందులో ఆడపిల్లకు మినహాయింపు లేదు. రేపు పరాయి దేశములో ఒంటరిగా నడిచి కళాశాలకు పోవలసిన బిడ్డ ఈ రోజు మన వీధి చివరి దాకా నడవకపోతే, ఆ ధైర్యము ఆమెకు విమానములో ఎవరిస్తారు?

అందుకని సొసైటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. పెద్ద ఖర్చు లేనిది. ఫజర్ తర్వాత ఒక గంట సేపు ఏదైనా ఒక బడి మైదానము మన ఆడపిల్లలకు, తల్లులకు నడవడానికి అనుమతి తెప్పించండి. గేటు దగ్గర ఇద్దరు పెద్దలు వంతుల వారీగా కూర్చుంటే చాలు. మొదటి వారము మా పేరు రాసుకోండి. మా అమ్మాయిని కూడా తెస్తాము, ఈసారి బండి మీద కాదు. నడిపించుకునే తెస్తాము.

విద్యార్థులారా, మీకు చివరి మాట. పరీక్షాధికారి మీ నడక గురించి అడిగితే భయపడకండి. మీరు నడిచిన దారి మీకే తెలుసు, దాని మీద మీకన్నా పండితుడు లేడు. ఉన్నది చెప్పండి, కారణము చెప్పండి. తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. వచ్చే ఏడు ఇదే ప్రశ్న అడిగితే మన అమ్మాయిలకు చెప్పడానికి ఒక నడక ఉండేటట్లు చూడండి.