జిబూతి: రేవే దేశమైన చోటు



ఆఫ్రికా పటమును తెఱచి, తూర్పు కొమ్ము ప్రక్కన ఎఱ్ఱసముద్రపు వాకిట చూడుడు. అచ్చట గోరంత చోటు కానవచ్చును. అదియే జిబూతి. వైశాల్యము సుమారు 23,200 చదరపు కిలోమీటర్లు. జనము పది లక్షలకు అటునిటు. ఏడాది పొడుగున పాఱు ఏఱు ఒక్కటియు లేదు. నాబోటి లెక్కలవాడు ఆ దేశపు అడంగలు వ్రాయబూనినచో, పుటపుటకు 'బంజరు' అని వ్రాసి కలము దింపవలసినదే.

అయినను రాబడి కలదు. అది నేల పండించినది కాదు, నేల ఉన్న తావు తెచ్చినది. ఎదుటి ఒడ్డు యెమెన్. నడుమ బాబెల్ మందెబ్ జలసంధి. కన్నీటి ద్వారమని దాని పేరునకు అర్థము. మన సముద్రమునుండి సూయజ్ కాలువకు పోవు ప్రతి ఓడయు ఆ ద్వారము దాటవలయును. 2015లో యెమెన్‌లో యుద్ధము రేగినపుడు, మన ప్రభుత్వము వేలాది భారతీయులను ఓడలపై జిబూతికి చేర్చి, అటనుండి విమానములలో స్వదేశమునకు తెచ్చెను.

అచ్చట అసాల్ అను సరస్సు కలదు. సముద్రమట్టమునకు 155 మీటర్లు దిగువ. ఆఫ్రికా ఖండమున అంతకన్న పల్లము లేదు. ఒడ్డంతయు ఉప్పు పేరి తెల్లగా నుండును. పురాణములలోని ఇక్షు, ఘృత సముద్రముల జాడ నేనెఱుగను గాని, లవణసముద్రపు బిడ్డ మాత్రము అచ్చట నున్నది! అఫార్ జాతివారు తరతరములుగా ఆ ఉప్పును ఒంటెలపై ఇథియోపియాకు మోసి, ధాన్యము తెచ్చుకొనెడివారు.

ఒంటెల వెనుక రైలు వచ్చెను. ఫ్రెంచివారి ఇనుపదారి 1917లో ఆదిస్ అబాబా చేరెను. 1977 జూన్ 27న వారి పాలన ముగిసెను. 1993లో ఎరిత్రియా వేఱుపడగా ఇథియోపియాకు తీరమే లేకపోయెను. 1998లో ఆ ఇరువురికి పోరు రాగా, ఎరిత్రియా రేవులును దానికి మూతపడెను. నాటినుండి ఆ పెద్ద దేశపు ఎగుమతి దిగుమతులలో నూటికి తొంబదివంతులు జిబూతి మీదుగనే సాగుచున్నవి. 2016లో ప్రారంభమైన విద్యుత్ రైలుమార్గము చైనా అప్పుతో వేసినది. ఫ్రాన్సు, అమెరికా, జపాను, ఇటలీ, 2017 నుండి చైనా, ఇందరి సైనికస్థావరములు ఆ చిన్న నేలపైననే కలవు. ఒకరినొకరు నమ్మని బాటసారులు ఒకే సత్రమున దిగినట్లున్నది. సత్రమువానికి మాత్రము అద్దె ముట్టుచున్నది.

కాని ఊరి పెద్దింటివారి ఖాతా ఒక్కటే ఆధారమైన కొట్టువానికి నిద్ర ఎట్లు పట్టును? 2024 జనవరిలో ఇథియోపియా, సముద్రపుదారి కొఱకు సోమాలిలాండ్ వారితో ఒడంబడిక వ్రాసికొనెను. ఆ ఏడే జిబూతి, తన తాజూరా రేవు నిర్వహణమును మీకే అప్పగింతుమని ఇథియోపియాకు చెప్పెను.