ఏ వేళ కరెంటు?
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మదనపల్లెలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలిచ్చే అలవాటు లేదు. ముప్పై అయిదేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాణ్ణి. ఫైలు చదివి, నోటు రాసి, పై అధికారి బల్ల మీద పెట్టడం వరకే నాకు తెలిసిన విద్య. నెల క్రితం మన కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "మన సభ్యులందరూ మేడ మీద సోలారు పెట్టించుకోవాలా వద్దా అని అడుగుతున్నారు. బొగ్గు కరెంటు పోయి ఇక అంతా ఎండ కరెంటే అవుతుందంటున్నారు. మీరు పెట్టించుకున్నారు గదా, రెండు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాదు. అందుచేత ఈ విషయాన్ని కూడా ఒక ఫైలు మాదిరిగానే మీ ముందు పెడతాను.

మాది పుంగనూరు. మా ఇంట్లో మొదటి బల్బు వెలిగింది 1963లో. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అంతవరకు కిరసనాయిలు బుడ్డి కిందనే చదువు. బల్బు వెలగగానే మా నాయన కాసేపు దానివైపే చూసి, "ఈ వెలుతురు యాడ నుంచి వస్తాదిరా?" అని అడిగారు. నాకు తెలియలేదు. మరునాడు బడిలో అయ్యవారిని అడిగితే, "ఆనకట్ట కింద నీళ్ళు పడి చక్రాన్ని తిప్పితే వస్తుంది" అన్నారు. మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో మెట్టూరు నీటి కరెంటు ఇటువైపు వచ్చేదని తరువాత తెలుసుకున్నాను. ఇప్పుడు పునరుత్పాదక విద్యుత్తు అని పెద్ద పేరు పెట్టి కొత్త సంగతిగా చెబుతున్నారు గాని, వాన కురిస్తే మళ్ళీ నిండే నీటి కరెంటు కూడా ఆ కోవలోదే. మనవాళ్ళు దాన్ని మన తాతల కాలం నుంచే ఎరుగుదురు.

తరువాత వాడకం పెరిగింది. మన మెట్ట ప్రాంతంలో బావులు ఎండి బోర్లు వచ్చాయి. నీళ్ళొక్కటే చాలలేదు. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో మొదలయింది. 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, తరువాత వచ్చిన 600 మెగావాట్ల యూనిటు ఒకటి, మొత్తం 1,650 మెగావాట్లు. సింగరేణి బొగ్గు రైళ్ళలో అంత దూరం వస్తేనే అక్కడి బాయిలర్లు మండుతాయి. ఇక ఎండ సంగతి. మదనపల్లె నుంచి కదిరి వైపు వెళ్తే నంబులపూలకుంట దగ్గర కనుచూపు మేర సోలారు పలకలే. అక్కడ 2016లో కరెంటు మొదలయింది. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలారు పార్కు 2017లో పూర్తయింది. అనంతపురం వైపు గాలిమరలు మీరందరూ చూసినవే.

ఇవన్నీ కలిసి ఒకే తీగలోకి వస్తాయి. మా ఇంటికి వచ్చేది ఎండదా, బొగ్గుదా అని కొందరు అడుగుతారు. పుంగనూరులో పాల కేంద్రం చూశారు గదా. పదిమంది పాలు ఒకే క్యానులో పోస్తే అందులో ఏ ఆవు పాలు ఎన్నో చెప్పలేము. కరెంటూ అంతే. ఒక్కటే తేడా. పాలను చల్లబెట్టి రేపటికి ఉంచుకోవచ్చు. తీగలో కరెంటును అట్లా ఉంచలేము. పితికిన క్షణంలోనే తాగేయాలి. తాగేవాళ్ళు లేకపోతే పితకడం ఆపాలి. తాగేవాళ్ళు ఎక్కువైతే కొందరిని పస్తుంచాలి. ఆ పస్తుకే మనం కరెంటు కోత అని పేరు పెట్టుకున్నాము.

ఈ సంగతి నాకు కుప్పంలో పని చేసినప్పుడు అర్థమయింది. 1990లలో అక్కడ మండల కార్యాలయంలో ఉన్నాను. కుప్పం ప్రాంతంలో కరెంటు పంచిపెట్టేది సహకార సంఘం. రెస్కో అంటారు. ఆ సంఘానికి సొంత జనరేటర్లు లేవు. టోకున కొని చిల్లరగా పంచేది. పైనుంచి ఏ వేళకు ఎంత వస్తే ఆ వేళకు అంత. రైతుల మోటార్లకు వంతులు వేసేవారు. పగటి వంతు ఒక వారం, రాత్రి వంతు ఒక వారం. రాత్రి వంతు ఒక్క కుప్పంలోనే కాదు, రాష్ట్రమంతటా ఉండేది.

రాత్రి ఎందుకని అడిగితే ఒక పెద్దమనిషి ఇట్లా చెప్పారు: "పగలు ఫ్యాక్టరీలు, సాయంత్రం ఇళ్ళు వాడుకుంటాయి. అర్ధరాత్రి వాడేవాళ్ళు లేరు. బొగ్గు బాయిలరును పొయ్యి ఆర్పినట్టు రాత్రికి ఆర్పి తెల్లారి వెలిగించలేము. అందుకని ఆ మిగులును రైతుకిస్తాము." లెక్క ప్రకారం మాట సరైనదే. కాని ఆ మిగులు ఎవరి నెత్తిన పడేదో నా బల్ల మీది ఫైళ్ళలో కనిపించేది. చీకట్లో మోటారు వేయడానికి పోయి పాము కరిచినవారు, తడి చేత్తో స్టార్టరు ముట్టుకున్నవారు. పంచనామా, శవపరీక్ష నివేదిక, వారసుల ధ్రువపత్రం. ఒక్కొక్కటి జతపరిచి, పేజీ నంబర్లు వేసి, పైకి పంపేవాణ్ణి.

1997లో మా తమ్ముడు పోయాడు. ఈ సంగతి మీలో కొందరికి తెలుసు. పుంగనూరు దగ్గర మా పొలంలో టమోటా పెట్టాడు. ఆ వారం రాత్రి రెండు గంటలకు వంతు. టార్చిలైటు వెలుతురు తగ్గిపోయిందని, దారి తెలిసిందే గదా అని వట్టి చేతులతో పోయాడు. తెల్లవారి మా మరదలు వెతుక్కుంటూ పోతే గట్టు మీద ఉన్నాడు. మోటారు మాత్రం నడుస్తూనే ఉంది. వాడు స్విచ్చి వేసే పోయాడన్న మాట. ఇతరుల ఫైళ్ళు అన్ని రాసినవాణ్ణి, మా తమ్ముడి కాగితాలు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. పక్క సీటులోని మిత్రుడు రాశాడు.

ఆనాటి నుంచి కరెంటు అంటే నాకు ఒక్కటే ప్రశ్న. అది ఎక్కడిది అన్న ప్రశ్న తరువాత. ఏ వేళది అన్నది ముందు.

ఆ కొలతతో చూస్తే ఎండ కరెంటు చేసిన మేలు చిన్నది కాదు. ఇప్పుడు మిగులు మధ్యాహ్నం పూట వస్తుంది. మోటారుకు కావలసింది కూడా అప్పుడే. వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు ఇవ్వాలన్న విధానం నడవడానికి సోలారు తోడయింది. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు పొద్దున చద్ది తిని పోయి మోటారు వేస్తాడు. ఎప్పుడైనా పగటి వంతు తప్పి రాత్రి ఇచ్చారంటే మాత్రం మా మరదలికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

అయితే అంతా ఎండే చాలునా అంటే చాలదు. సాయంత్రం ఆరు దాటితే నంబులపూలకుంటలో చీకటి. సరిగ్గా అప్పుడే ప్రతి ఇంట్లో లైట్లు, టీవీలు, ఎండాకాలమైతే ఏసీలు. గాలిమర కొంత ఆదుకుంటుంది గాని దాని జోరంతా నైరుతి ఋతుపవనాల నెలల్లోనే. అప్పుడు శ్రీశైలం గేట్ల వైపు చూడాలి. కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. నీటి యంత్రాన్ని నిమిషాల్లో నడపవచ్చు, నిమిషాల్లో ఆపవచ్చు. బొగ్గుకు ఆ చురుకుదనం లేదు. దానికి ఉన్నది నిలకడ. రాత్రంతా మండుతుంది. ఇవన్నీ చాలకపోతే సంతలో కొనాలి. సాయంత్రం పూట అందరూ కొనేవాళ్ళే గనుక ధర మండిపోతుంది. మన బిల్లులో ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అని వచ్చే పద్దుల వెనుక ఆ కొనుగోళ్ళు, బొగ్గు ధరలు కూడా ఉన్నాయి.

దీనికి ఒక ఉపాయం ఉంది. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టులోనూ దిగువకు వదిలిన నీటిని మళ్ళీ పైకి తోడే యంత్రాలున్నాయి. ఇవి ఇప్పుడు తెలంగాణ చేతిలో ఉన్నాయి. మిగులు వేళ తోడి, కొరత వేళ వదలడం. కరెంటును నీటి రూపంలో దాచడమన్న మాట. బ్యాటరీలు చేసేదీ ఇదే పని.

నీళ్ళంటే మరొక మాట. 2025 ఆగస్టు 30న కృష్ణా నీళ్ళు కుప్పం చేరాయి. మనమందరం సంతోషించాము. ఆ నీరు శ్రీశైలం జలాశయం వెనుక మల్యాల దగ్గర హంద్రీ-నీవా కాలువలో ఎక్కి, మెట్టు మెట్టుకు పంపులతో తోడించుకుంటూ వస్తుంది. శ్రీశైలం నిండితే 885 అడుగుల మట్టం. మన మదనపల్లె, కుప్పం రెండు వేల అడుగులకు పైన. కృష్ణమ్మ శ్రీశైలంలో కిందికి దూకితే కరెంటు ఇస్తుంది. మన దగ్గరకు పైకి ఎక్కాలంటే కరెంటు అడుగుతుంది. ఆ పంపులు పగటి ఎండ కరెంటుతో ఎంత ఎక్కువ నడిస్తే మనకు అంత మేలు.

ఇక మా ఇంటి సంగతి. సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కుప్పం వైపు నడిమూరు గ్రామంలో 2025 జనవరిలో ఇంటింటికీ సోలారు కార్యక్రమం మొదలుపెట్టారు. అక్కడి మిత్రుడు చెబితే నాకూ ఆశ పుట్టింది. మూడు కిలోవాట్లు పెట్టించాను. కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. మిగిలినది దాచుకున్న సొమ్ము. మేడ మీద మూడు వందల చదరపు అడుగులు పట్టింది. మంచి ఎండలో రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. బిల్లు బాగా తగ్గింది. అందులో సందేహం లేదు.

కాని నేను పెట్టించింది బిల్లు కోసం మాత్రమే కాదు. మా ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్ళు ఆక్సిజన్ యంత్రం పెట్టుకుని పడుకోవాలి. ఒక్కొక్కసారి పగలు కూడా. "సోలారు పెడితే ఇక కోత అన్న మాటే ఉండదు సార్" అని అమ్మినాయన చెప్పాడు. నమ్మాను. నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మాడు పగిలే ఎండ. మేడ మీద పలకలు తళతళమంటున్నాయి. ఇంట్లో యంత్రం ఆగిపోయింది. మా ఆవిడ ముఖం చూస్తే నాకు కాళ్ళు ఆడలేదు. ఎదురింటి కుర్రవాడు పరుగెత్తి సిలిండరు తెచ్చాడు గనుక గండం గడిచింది.

ఎందుకు ఆగిందని లైన్‌మన్‌ను అడిగాను. "అయ్యా, లైను ఆపి నేను స్తంభమెక్కి ఉంటాను. మీ మేడ మీది కరెంటు అప్పుడు తీగలోకి వస్తే నేను దిగేది శవంగానే. అందుకే లైను పోతే మీ సోలారు తనంతట తాను ఆగేట్టు చేస్తారు" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కోపం పోయింది. ఆ ఏర్పాటు న్యాయమైనది. చెప్పకుండా అమ్మినవాడిది తప్పు, అడగకుండా సంతకం చేసిన గుమాస్తాది అంతకన్నా పెద్ద తప్పు.

తరువాత కూర్చుని లెక్క వేశాను. యంత్రం 350 వాట్లు. తొమ్మిది గంటలకు మూడు యూనిట్ల పైన. మామూలు ఇన్వర్టరు బ్యాటరీ ఒకటి పెడితే నాలుగు గంటలు దాటదు. అందుకని రెండు బ్యాటరీలు, అవీ సరిపోకపోతే ఒక సిలిండరు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకున్నాను. మిగతా రాత్రంతా మా ఆవిడ పీల్చే గాలి ముద్దనూరు వంటి చోట మండే బొగ్గు మీద, శ్రీశైలంలో దిగే నీటి మీద ఆధారపడి ఉంది. బొగ్గు పొగ చెడ్డదని నాకూ తెలుసు. దాని రోజు తగ్గాలి, తగ్గుతుంది. కాని దాచుకునే ఏర్పాటు సరిపడా వచ్చేవరకు ఆ పొయ్యి ఆర్పేయమని చెప్పడానికి నాకు నోరు రాదు.

కనుక నా నోటు ఇది.

సోలారు పెట్టించుకోదలచినవారు పెట్టించుకోండి. లైను పోతే పని చేస్తుందా, బ్యాటరీతో కలిపి ఎంత, మీటరు లెక్క ఎట్లా, చెడిపోతే ఎవరు వస్తారు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకున్నాకే సంతకం చేయండి. నీళ్ళ మోటారు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, బట్టల మిషను పగలే వాడండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఇప్పుడు ఎండ ఉండగానే అనుకోవాలి.

చివరగా ఒక మనవి. మన సభ్యుల ఇళ్ళల్లో ఆక్సిజన్ యంత్రం వంటివి వాడుతున్నవారు ఎందరున్నారో జాబితా తయారు చేసి, ముందే తెలిసిన కోతలకు ఒక రోజు ముందు ఫోను చేయమని విద్యుత్ కార్యాలయానికి మన సంఘం తరఫున అర్జీ పెట్టాలి. దాంతోపాటే, వ్యవసాయానికి రాత్రి వంతు ఏ కారణం చేతనూ తిరిగి రాకూడదని ఒక వాక్యం చేర్చాలి. చిత్తుప్రతి రాసి తెచ్చాను. ఇది అధ్యక్షులవారి బల్ల మీద పెడుతున్నాను. మీ అందరి సంతకాలు కావాలి. మొదటి సంతకం మా మరదలు చేసింది.