ఇంటింట నిమ్మపులుపు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నిమ్మకాయను గురించి ప్రసంగమేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అమ్మవారి మెడలో దండగా, గుమ్మమునకు మిరపకాయలతో దిష్టి తోరణముగా నిమ్మకాయ కనబడని ఊరు మనకు లేదు. గూడూరు ప్రాంతమునను, నల్లగొండ జిల్లా నకిరేకల్లు వైపునను ఆ తోటలనే నమ్ముకొని బ్రతుకు కుటుంబములు అనేకము. ఇంత పరిచయమున్నను, ఇంటిలో దానిని వాడు తీరులో కొంత తెలివి, కొంత పొరపాటు కలిసియున్నవి. వానిని వేరుచేసి చెప్పుటయే నేటి మా ఉద్దేశము.

నిమ్మరసమున నూటికి సుమారు 5, 6 పాళ్లు సిట్రిక్ ఆమ్లము కలదు. మన నాలుకకు తగులు పులుపు అదియే. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త షేలే 1784లో నిమ్మరసము నుండియే దానిని స్ఫటికములుగా వేరుచేసెను. ఈ పులుపు సున్నమును, చిలుమును, తుప్పును కరగించును. ఇంటిపనులలో నిమ్మ చేయు ఉపకారమంతయు దీనివలననే. కరగకూడనిదానిని కూడ అది కరగించును. అపకారమంతయు కూడ దీనివలననే.

బోరునీరు వాడు ఊళ్లలో నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పొలుసు గట్టిపడియుండుట మీరెరిగినదే. అది సున్నపు జాతిది. ఇసుకతో ఎంత తోమినను గిన్నె గీతలు పడునే కాని పొలుసు వదలదు. రెండు కాయల రసము, మునుగునంత నీరు పోసి కొంచెము కాచి, చల్లారువరకు ఉంచినయెడల అది తానే ఊడివచ్చును. అట్టి నీటితోనే సబ్బు రుద్ది తలంటుకొన్నవారికి జుట్టు జిగురుగా, బరకగా ఉండును. సబ్బు నీటిలోని సున్నముతో కలిసి వెండ్రుకలకు పట్టుటయే దానికి కారణము. చెంబెడు నీటిలో ఒక చెంచా నిమ్మరసము కలిపి చివర పోసికొని, వెంటనే మంచినీటితో కడిగికొనిన ఆ జిగురు పోవును. కుంకుడుకాయ వాడువారికి ఈ బాధయే లేదు. వారు నిమ్మకాయను పులిహోరకు దాచుకొనవచ్చును.

రాగి, ఇత్తడి పాత్రలను పిండిన నిమ్మచెక్కతో, ఉప్పుతో రుద్దిన చిలుము పోయి మెరుగు వచ్చును. చింతపండుతో మన తల్లులు చేయుచున్న పని ఇదియే. అయితే చిలుమును కరగించు పులుపు లోహమును కూడ కొంత తీయును. కనుక కళాయి లేని ఇత్తడి గిన్నెలో గాని, రాగి బిందెలో గాని నిమ్మనీరు, మజ్జిగ, పులిహోర నిలువ ఉంచరాదు. త్రాగినవారికి వాంతులు, కడుపునొప్పి కలుగును. ఊరి విందులలోను, ఉత్సవములలోను పానకము కలుపు పెద్దగంగాళమును మీరే ఒకసారి చూచి, కళాయి పోయిన పాత్ర అయినచో మార్పింపవలెను. తెల్లబట్టపై తుప్పు మరకకు రసము, ఉప్పు రాసి ఎండలో ఉంచి జాడించిన చాలును, రంగుబట్టకు వలదు. తాండూరు, బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతివి. వానిపై నిమ్మరసము ఒలికిన నునుపు చెడి మచ్చ పడును. ఆ మచ్చ కడిగిన పోదు.

మీకు ప్రత్యేకముగా చెప్పవలసినది మరొకటి యున్నది. నీళ్లతొట్టెలకు, మురుగు కాలువలకు బ్లీచింగు పొడి చల్లించు బాధ్యత పంచాయతీది. ఆ పొడికి నిమ్మరసము గాని, మరియే పులుపు గాని తగిలిన క్లోరిన్ వాయువు వెలువడును. మూసియున్న తొట్టెలో దిగి పనిచేయు మనిషికి అది ప్రాణాపాయము. గోడ మరకలు పోవునని రెండును కలిపి రుద్దు అలవాటు ఎక్కడనున్నను వెంటనే మాన్పింపుడు. నిమ్మరసము కలిపినంత మాత్రమున చెడునీరు మంచినీరు కాదని కూడ చెప్పుడు. కాచుటయో, తగుపాళ్లలో క్లోరిన్ కలుపుటయో తప్పదు.

ఒంటి సంగతి. ముఖము తెల్లబడునని పడుచులు నిమ్మరసము పూసికొని ఎండలోకి పోవుదురు. నిమ్మలో ఉన్న కొన్ని పదార్థములు చర్మముపై ఎండ తగిలినపుడు బొబ్బలు పుట్టించి, నెలల తరబడి నల్లమచ్చలు మిగుల్చును. పెండ్లివంటలో వందల కాయలు పిండినవారు చేతులు సబ్బుతో కడిగికొనియే ఎండలోకి రావలెను. పండ్లపై నిమ్మచెక్క రుద్దినచో పైపూత అరిగి జివ్వుమనును. కంటిలో రసము పిండుట ఏ జబ్బుకును మందు కాదు. కుక్క కరచిన గాయమునకు నిమ్మకాయ రుద్ది ఊరకుండుటకంటె ఘోరము లేదు. గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పంపి టీకా వేయింపవలెను.

ఇక భోజనము. నిమ్మ నిజముగా ఋణము తీర్చుకొను చోటు ఇది. 1747లో జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు చిగుళ్లు కుళ్లి మూలబడిన నావికులలో ఇద్దరికి ప్రతిదినము రెండు నారింజలు, ఒక నిమ్మపండు ఇచ్చి చూడగా, అందరికంటె వారే ముందు కోలుకొనిరి. ఆ గుణము విటమిన్ సి అని తరువాత తెలిసినది. ఈ విటమిన్ మరియొక మేలు చేయును. ఆకుకూరలలోను, పప్పులలోను, సజ్జలలోను ఉన్న ఇనుము మన శరీరమునకు సులభముగా అందదు. అదే ముద్దలో విటమిన్ సి ఉన్నచో చక్కగా అందును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉభయ తెలుగు రాష్ట్రములలోను 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని తేలినది. నీరసము, ఆయాసము, కాన్పులో ప్రమాదము దానివలననే. తోటకూర పప్పు తినియు ఆ ఇనుము వంటబట్టకపోవుట విచారకరము కాదా?

చేయవలసినది చాల చిన్నది. పప్పు, కూర పొయ్యి దించి కొంచెము చల్లారిన పిదప అరచెక్క పిండవలెను. ఉడుకుచుండగా పిండిన చేదెక్కునని మన ఆడవారు ఏనాడో కనిపెట్టిరి. విటమిన్ కూడ ఆ వేడికి నశించును. చింతపండులో పులుపున్నను ఈ విటమిన్ బహు స్వల్పము, ఊరగాయలో నిలువ మీద తగ్గిపోవును. భోజనము కాగానే టీ త్రాగిన ఇనుము అందకుండ పోవును కనుక గంటసేపు ఆగవలెను. గర్భిణులకిచ్చు ఇనుప మాత్రలను టీతోను, పాలతోను కాక నిమ్మనీటితో మ్రింగుట మేలు. మాత్రకు బదులు నిమ్మకాయ అని మాత్రము ఎవరును అనుకొనరాదు. అంగన్‌వాడీకి, బడి భోజనమునకు వెళ్లినపుడు పప్పు పలుచనా చిక్కనా అని మాత్రమే కాక, నిమ్మచెక్క ఉన్నదా అని కూడ అడుగుడు. వేసవిలో కాయ ప్రియమైనచో జామకాయ ముక్క, ఉసిరికాయ చాలును. ఈ విటమిన్ వానిలో నిమ్మకంటె ఎన్నో రెట్లెక్కువ. మా పొగడ్తకు ఇదియొక మినహాయింపు.

వేసవిపనులలో కూలీలకు ఉప్పు, పంచదార కలిపిన నిమ్మనీరు మంచిదే. విరేచనములైనవారికి లీటరు కాచి చల్లార్చిన నీటికి 6 సమచెంచాల పంచదార, అర సమచెంచా ఉప్పు కలిపి ఇయ్యవలెను. నిమ్మ అందులో రుచికే. వడదెబ్బకు స్పృహ తప్పినవానికి నోట ఏమియు పోయరాదు; నీడకు చేర్చి ఒళ్లు తడిపి ఆసుపత్రికి పంపవలెను.

వానకాలమున కాయ విస్తారమై చవుక, వేసవిని కొరత. పెరట చెట్టున్న ఇంటికి ఈ ధరలతో పనిలేదు. తొలకరిలో మొక్క నాటిన నాలుగైదేండ్లకు కాపు వచ్చును. అంట్లు తోమిన నీరు వృథా పోనేల అని మొక్కను కాలువ గట్టున పెట్టుదురు. వేళ్ల వద్ద నీరు నిలిచిన నిమ్మ బ్రతుకదు. మెరకన, ఎండ తగులు చోట నాటింపుడు. అంగన్‌వాడీ ఆవరణలో, బడి పెరటిలో స్థలమున్నచో ఈ వానలకే రెండేసి మొక్కలు, ముళ్లు పిల్లలకు తగులకుండ గోడవారగా.